మోసినోళ్ళదే మోత

తెలుగులో మోత అనే మాటకు రెండర్థాలు. ఒకటి బరువు మొయ్యడం. రెండోది చెవులదిరే చప్పుడు. ఈ రెండూ ఒక్క మాటలో ఎట్లా ఇమిడినయ్యో నిఘంటువులు రాసే పండితులు వాళ్ళ తీరున వాళ్ళు తేల్చుకోవచ్చు. మాకు అందులో వింతేమీ లేదు. చచ్చిన గొడ్డును ఊరవతలికి మోసింది మేమే. తోలు నానబెట్టి చెప్పులూ మోటబొక్కెనలూ కుట్టింది మేమే. మేకతోలు బిగించి ఊరంతటికీ వినపడే డప్పు చేసిందీ మేమే. మేం మోస్తున్నంతకాలం ఎవరూ చెవులు మూసుకోలా. మోగినప్పుడే మూసుకున్నారు.

నేను రాక్ సంగీతం వింటాను. ఎలక్ట్రిక్ గిటారు కాస్తోకూస్తో వాయిస్తాను. ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లెలో పుట్టి, ఇంటికి మొదటి డిగ్రీ పట్టా తెచ్చి, సర్కారు బళ్ళో సైన్సు చెప్పుకుంటున్నవాణ్ణి. ఇట్లాంటివాడు ఇట్లాంటి పాట వింటాడంటే మూడు రకాల మనుషులకు మింగుడుపడదు. మొదటివాళ్ళు స్టాఫ్‌రూం రసికులు. "ఏంది మాస్టారూ ఆ మోత?" అంటారు. రెండోవాళ్ళు నగరాల్లో ఇంగ్లీషు మీడియంలో పెరిగిన రాక్ అభిమానులు. "మీక్కూడా ఇవి తెలుసా!" అని మెచ్చుకుంటున్నట్టుగానే అవమానిస్తారు. మూడోవాళ్ళు మనవాళ్ళే, సభల్లో పక్కన కూచునేవాళ్ళే. "డప్పు మనది ఉండగా తెల్లోడి గిటారు నీకెందుకు తమ్ముడూ?" అంటారు. ముగ్గురికీ ఇక్కడే జవాబు చెప్తున్నాను.

తెల్లోడి గిటారు అన్నారు గదా, అక్కణ్ణుంచే మొదలుపెడదాం. మడ్డీ వాటర్స్ అనే నల్లవాడు మిసిసిపీలో ఒక దొర పత్తిచేలల్లో ట్రాక్టరు తోలేవాడు. 1943లో ఆ చేలు వదిలి చికాగోకు వలసపోయాడు. పగలు లారీ తోలడం, రాత్రిళ్ళు పాడటం. పల్లెలో అరుగుమీద నలుగురికి వినపడిన కట్టె గిటారు, చికాగో క్లబ్బుల్లో పనిచేసొచ్చి తాగి కేకలేసే జనంలో వినపడలా. అందుకని కరెంటు గిటారు పట్టాడు. అంతే సంగతి. ఆ మోత షోకు కోసం పుట్టలా, వినపడటం కోసం పుట్టింది. ఈ ముక్క అర్థం కానివాడికి రాక్ అర్థం కాదు, డప్పూ అర్థం కాదు.

గిటారు గొంతు పగిలినట్టు, గరగరలాడుతూ వస్తుందే, రాక్ అంటేనే ఆ గొంతు. దాన్ని ఏ శాస్త్రజ్ఞుడూ కూచుని కనిపెట్టలేదు. 1951లో ఐక్ టర్నర్ బృందం 'రాకెట్ 88' అనే పాట రికార్డు చెయ్యడానికి మెంఫిస్‌కు పోతుంటే దారిలో ఆంప్లిఫయరు దెబ్బతిన్నది. బాగుచేయించే వీలు లేదు. చినిగిన స్పీకర్లో కాగితాలు కుక్కి అట్లాగే వాయించారు. గొంతు గరగరమన్నది. దాన్నే ఇవాళ లోకమంతా డబ్బిచ్చి కొనుక్కుంటోంది. ఆ గరగర తెప్పించే చిన్న పెట్టె కోసం నగరాల పిల్లలు వేలకు వేలు పోస్తున్నారు. పేదోడి ఇంట్లో విరిగిన సామాను పెద్దోడి ఇంట్లో కళ కావడమంటే ఇదే.

1958లో లింక్ రే అనే ఆదివాసీ, షానీ తెగ మనిషి, 'రంబుల్' అనే పాట చేశాడు. పాట అన్నానే గాని అందులో ఒక్క మాట లేదు, గిటారే. ఆ గరగర కోసం స్పీకరు అట్టకు పెన్సిల్‌తో బెజ్జాలు పొడిచాడు. మాటే లేని ఆ పాటను అమెరికాలో కొన్ని రేడియో స్టేషన్లు నిషేధించినయ్. కుర్రాళ్ళు కొట్టుకు చస్తారని భయమట. మాట లేకపోయినా శబ్దం ఎవరిదో వాళ్ళకు తెలుసు. ఏ మాటా లేని డప్పు దరువు వినగానే ఊళ్ళో పెద్దలు ముఖం ఎందుకు చిట్లిస్తారో మాకూ తెలుసు.

మా తాత డప్పు వాయించేవాడు. వాయించేముందు తాటాకులు మంటేసి డప్పు కాగబెట్టేవాడు. తోలు వేడెక్కి బిగుసుకుంటే గాని గొంతు లేవదు. కుడిచేత సిర్ర, ఎడమచేత చిటికెన పుల్ల. చేత్తో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇంకా కాగలేదురా" అని మళ్ళీ మంట మీద పట్టేవాడు. పాతకాలపు వాల్వు ఆంప్లిఫయర్లు కూడా అంతే, స్విచ్చి వెయ్యగానే పలకవు. వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి. మొదటిసారి దాన్ని చూసినప్పుడు ఎవరూ నాకు వివరించాల్సిన పని లేకపోయింది.

ఒంగోల్లో డిగ్రీ చదివేటప్పుడు మా చర్చిలో గిటారు వాయించే అన్న ఒక ఎంపీత్రీ సీడీ ఇచ్చాడు. అందులో బ్లాక్ సబ్బాత్ వాళ్ళ 'పారనాయిడ్' ఉంది, 1970 నాటి ఆల్బం. ఇంగ్లీషు సగం తెలియలేదు. కానీ ఆ గిటారు బరువు తెలిసింది. బండరాయి దొర్లించినట్టు వస్తుంది ఆ శబ్దం. ఆ బరువు ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత నెట్ సెంటర్లో కూచుని చదివాను. ఆ గిటారు వాయించిన టోనీ అయోమీ ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ కార్మికుడు. 1965లో, పదిహేడేళ్ళ వయసులో, మిషను కింద పడి రెండు వేళ్ళ కొనలు తెగిపోయినయ్. ఇక గిటారు పట్టుకోలేవన్నారు. అతను ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. తీగమీద పట్టు జారకుండా వాటికి తోలుముక్క అంటించుకున్నాడు. తీగలు గట్టిగా ఉంటే నొప్పి గనక సన్నవి కట్టుకున్నాడు, తర్వాత వాటిని వదులు చేసి శ్రుతి తగ్గించుకున్నాడు. 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' వినండి, ఆ వదులు తీగల బరువు పొట్టలో తెలుస్తుంది. నన్నడిగితే 'పారనాయిడ్' కన్నా అదే గొప్ప ఆల్బం.

ప్రపంచంలో అన్నిటికన్నా బరువైన సంగీతం ఒక కార్మికుడి తెగిన వేళ్ళకు అంటించిన తోలుముక్క మీదుగా వచ్చింది. చదివి నేను చాలాసేపు కదల్లేదు. ఆ బృందంలో పాడిన ఓజీ ఆస్‌బోర్న్ అంతకుముందు కబేళాలో పనిచేశాడు. 2025 జులై 5న సొంత ఊళ్ళో ఆఖరిసారి పాడి, అదే నెల 22న చనిపోయాడు. వాళ్ళు తెల్లవాళ్ళు. వాళ్ళకు అంటరానితనం లేదు, మా బాధ వాళ్ళది అని నేను అనను. కానీ పని చేసిన చెయ్యికీ, పని చేయించుకున్న చెయ్యికీ శబ్దంలో తేడా ఉంటుంది. ఆ తేడా నా చెవికి తెలుసు.

ఇక నగరాల అభిమానుల సంగతి. వీళ్ళకు జాబితాలంటే ప్రాణం. నూరు గొప్ప ఆల్బమ్‌లు, నూరుగురు గొప్ప గిటారిస్టులు. ఫలానావాడు మూడా నాలుగా అని రాత్రంతా కొట్టుకుంటారు. జాబితా అనగానే నాకు ఇంకో జాబితా గుర్తొస్తుంది, మెరిట్ లిస్టు. డీఎస్సీలో ఉద్యోగం వచ్చి చేరిన రోజే "కోటానా?" అని అడిగించుకున్నవాణ్ణి. జాబితా రాసేవాడి చెయ్యి చూడకుండా జాబితా చదవడం నాకు చేతకాదు.

సిస్టర్ రొసెట్టా థార్ప్ పేరు విన్నారా? 1915లో ఆర్కన్సాలో పత్తి ఏరుకునేవాళ్ళ ఇంట పుట్టిన నల్లజాతి ఆడబిడ్డ. చిన్నతనం నుంచీ చర్చిలో గిటారు వాయించింది. ఎల్విస్ ప్రెస్లీ రికార్డు ఇవ్వకముందే, 1944లోనే, ఎలక్ట్రిక్ గిటారు మీద దేవుడి పాటను గంతులేయించింది. 1964లో ఇంగ్లండులో, మాంచెస్టర్‌లో వాడకంలో లేని రైల్వే ప్లాట్‌ఫాం మీద నిలబడి ఆమె వాయించిన దృశ్యం ఇప్పటికీ చూడొచ్చు. తీగను ఆమె లాగే తీరు చూశాక, మనం రాక్ గిటారిస్టుల విన్యాసాలు అనుకునేవన్నీ ఎక్కడివో తెలిసిపోతుంది. 1973లో చనిపోయింది. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆమె సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు.

2003లో రోలింగ్ స్టోన్ పత్రిక నూరుగురు గొప్ప గిటారిస్టుల జాబితా వేసింది. అందులో ఆడవాళ్ళు ఇద్దరే ఇద్దరు. థార్ప్ లేదు. 2023లో అదే పత్రిక 250 మందితో ఇంకో జాబితా వేసింది. అందులో థార్ప్ ఆరో స్థానంలో ఉంది. నేను అడిగేది ఒక్కటే. చనిపోయిన మనిషి ఈ ఇరవయ్యేళ్ళలో కొత్తగా ఏం వాయించింది? ఏ సాధన చేసి మెరిట్ పెంచుకుంది? ఆమె వాయిద్యం 1944లో ఎంతో 2003లో అంతే, 2023లో అంతే. మారింది జాబితా రాసే చెయ్యి. ఆ చెయ్యి మారగానే "కోటాలో ఇచ్చారు" అన్న అభిమానులున్నారు. అమెరికాలో అన్నా, ఒంగోల్లో అన్నా అది ఒకటే గొంతు.

రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ అని ఒక సంస్థ ఉంది. లెడ్ జెప్లిన్‌కు అందులో 1995లో చోటిచ్చారు. వాళ్ళకన్నా పాతికేళ్ళు ముందు గిటారుకు కరెంటు పెట్టి వాయించిన థార్ప్‌కు 2018లో ఇచ్చారు. ఆ సంస్థనూ, రోలింగ్ స్టోన్ పత్రికనూ స్థాపించినవాళ్ళలో ఒకడైన జాన్ వెన్నర్ 2023లో ఏడుగురు గొప్ప సంగీతకారుల ఇంటర్వ్యూలతో పుస్తకం వేశాడు. ఏడుగురూ తెల్ల మగవాళ్ళే. ఎందుకయ్యా అని న్యూయార్క్ టైమ్స్ విలేకరి అడిగితే, నల్లవాళ్ళూ ఆడవాళ్ళూ ఆ మేధాస్థాయిలో మాట్లాడగలవాళ్ళుగా కనపడలేదన్న అర్థం వచ్చేట్టు చెప్పాడు. గోల లేచింది, హాల్ ఆఫ్ ఫేమ్ బోర్డు అతన్ని తీసేసింది, క్షమాపణ చెప్పాడు. కానీ అర్ధశతాబ్దంపాటు ఏది గొప్ప ఆల్బమో లోకానికి చెప్పింది ఆ బుర్రే. వాళ్ళు నేర్పిన వరసనే మన హైదరాబాదు అభిమాని బట్టీపట్టి నాకు అప్పజెప్తున్నాడు.

ఆ అభిమాని తొడుక్కునే చొక్కా మీద పింక్ ఫ్లాయిడ్ అని ఉంటుంది. పింక్ ఎవరు, ఫ్లాయిడ్ ఎవరు అని ఎప్పుడన్నా అడిగాడా? పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు నల్లజాతి బ్లూస్ గాయకులు. వాళ్ళ పేర్లు కలిపి బృందానికి పెట్టుకున్నారు. రోలింగ్ స్టోన్స్ అనే పేరూ మడ్డీ వాటర్స్ 1950లో పాడిన పాట నుంచి వచ్చిందే. పేర్లు మావాళ్ళవి, చొక్కాలు వాళ్ళవి.

లెడ్ జెప్లిన్ రెండో ఆల్బం 1969లో వచ్చింది. దాని మొదటి పాట ప్రపంచమంతా మోగింది. విల్లీ డిక్సన్ రాసి, మడ్డీ వాటర్స్ 1962లో పాడిన పాటలోని మాటలు అందులో ఉన్నాయి గాని డిక్సన్ పేరు లేదు. ఆయన 1985లో కోర్టుకెక్కితే 1987లో రాజీ కుదిరింది, తర్వాత పేరు చేర్చారు. అట్లాంటప్పుడు ఆ ఆల్బం వినడం మానేశావా అని మీరడగొచ్చు. మానలేదు. జిమ్మీ పేజ్ గిటారు పదును అబద్ధం కాదు. బాన్‌హామ్ డ్రమ్ముల దెబ్బ అబద్ధం కాదు. ఆ ఆల్బం నాకిష్టం. కానీ ఎవరికి వినిపించినా ముందు డిక్సన్ పేరు చెప్పి వినిపిస్తాను. పండిన పంటను తగలబెట్టమనడం లేదు, పొలం దున్నినోడి పేరు పట్టాలో రాయమంటున్నాం.

ఎరిక్ క్లాప్టన్‌ను దేవుడన్నారు. మిసిసిపీ నల్లవాడు రాబర్ట్ జాన్సన్ 1936లో రికార్డు చేసిన పాటను వాయించి పేరు తెచ్చుకున్నాడు. 1974లో జమైకా నల్లవాడు బాబ్ మార్లీ పాట పాడి అమెరికాలో మొదటి స్థానం కొట్టాడు. 1976 ఆగస్టులో బర్మింగ్‌హామ్ వేదిక మీద తాగి నిలబడి, పరాయివాళ్ళు ఇంగ్లండు వదిలిపోవాలన్నాడు, జాత్యహంకారి ఇనాక్ పవెల్‌ను సమర్థించాడు. తర్వాతెప్పుడో సిగ్గుపడ్డానన్నాడు. కానీ ఆ మాటల మీద కోపంతోనే అదే ఏడు రాక్ ఎగెనెస్ట్ రేసిజం అనే ఉద్యమం లేచింది. రాక్ అభిమానులే లేపారు. అభిమానం అంటే అది. దేవుణ్ణి నిలదీసే అభిమానం.

జిమీ హెండ్రిక్స్‌ను మాత్రం ఎవరూ జాబితాలోంచి తియ్యలేకపోయారు. కానీ ఏ హెండ్రిక్స్‌ను ఉంచారో చూడండి. 1967 నాటి మొదటి ఆల్బం అంటారు, 1968 నాటి 'ఎలక్ట్రిక్ లేడీల్యాండ్' అంటారు. గొప్పవే. నేను మాత్రం 1970లో వచ్చిన 'బ్యాండ్ ఆఫ్ జిప్సీస్' అంటాను. ముగ్గురూ నల్లవాళ్ళే. 1970 కొత్త సంవత్సరం రోజు న్యూయార్కులో జనం ముందు వాయించింది. అందులో 'మెషిన్ గన్' పన్నెండు నిమిషాలు. వియత్నాంలో పోరాడే సైనికులతోపాటు చికాగోలో, న్యూయార్కులో పోరాడేవాళ్ళకు కూడా అంకితమని చెప్పి మొదలుపెడతాడు. తను ఒకప్పుడు పారాట్రూపరుగా పనిచేసినవాడే. ఆ గిటారు తుపాకీలాగా పేలుతుంది, హెలికాప్టరులాగా తిరుగుతుంది, చివరికి తల్లి ఏడ్చినట్టు ఏడుస్తుంది. చుండూరు అంటే ఏమిటో చిన్నప్పుడు పెద్దవాళ్ళ నోట విన్నవాణ్ణి. 1991 ఆగస్టు 6. ఆ పన్నెండు నిమిషాలు నాకు అనువాదం అక్కర్లేకపోయింది.

ఫెండరా గిబ్సనా అనే పంచాయితీకి కూడా నా దగ్గర తీర్పుంది. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోక్యాస్టర్ గొంతు పగిలిన గాజులాగా కోస్తుంది. 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్ గొంతు పాకంలాగా మందంగా సాగుతుంది. పల్లెలో పుట్టినవాడిగా నేను గాజు పక్షం. కానీ పిల్లలకు చెప్పేటప్పుడు బ్రాండు చెప్పను, పని చెప్తాను. విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం చెప్పాలి. బోర్డు మీద బొమ్మ గీస్తే బుర్రకెక్కదు. గిటారు తీసుకెళ్ళి చూపిస్తాను. తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రాగితీగ వేలచుట్లు. పైన ఇనపతీగ వణికితే కింద చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో దీన్ని కనిపెట్టిన మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు, పుస్తకాల బైండింగు పనికి కుదిరినవాడు. ఫెండరు కంపెనీ పెట్టిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసుకునేవాడు, గిటారు వాయించడమే రాదు. ఇది సరస్వతి వరం కాదురా, చేతిపని అని చెప్తాను. మా పల్లె పిల్లల ముఖాలు అప్పుడు చూడాలి.

ఆ పిల్లలే ఒక ఏడు వార్షికోత్సవానికి ఇద్దరు డప్పు, ఒక అమ్మాయి గిటారు కలిపి పాట కట్టుకున్నారు. మా బడి పెద్దలు ఏమన్నారో తెలుసా? "డప్పు గేటు దగ్గర కొట్టించండి మాస్టారూ, అతిథులొచ్చేటప్పుడు బాగుంటుంది. స్టేజీ మీద వీణ ఉంది గదా." నేను పట్టుబడితే చిట్టచివర్న పేరు వేశారు. మా వంతు వచ్చేసరికి అతిథులు లేచిపోయారు. టెంటుహౌసు కుర్రాళ్ళు కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నారు. మా పల్లె జనం మాత్రం కదల్లేదు. పిల్లలు వాయించారు. డప్పుకు గేటు, వీణకు స్టేజీ అని ఏ సిలబస్‌లో ఉందో ఈరోజుకీ నాకెవరూ చెప్పలేదు.

మృదంగానికి ఆవుతోలు కావాలి. ఆ తోలు ముట్టుకునే చెయ్యి ఎవరిదో కచేరీలో చెప్పరు. టి.ఎం. కృష్ణ మృదంగాలు చేసే దళిత క్రైస్తవ కుటుంబాల గురించి 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకం రాస్తే, ఆవిష్కరణకు ముందు ఇచ్చిన చోటును చెన్నైలో కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. వాద్యం పవిత్రం, చేసినవాడి పేరు మాత్రం వివాదం!

చివరగా మనవాళ్ళకు. అన్నలారా, పరాయిది అంటున్నారు. వయొలిన్ యూరపు నుంచి రాలేదా? హార్మోనియం రాలేదా? మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కరెంటు మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయిస్తే మొదట నసిగినవాళ్ళే తర్వాత నెత్తిన పెట్టుకోలేదా? వాళ్ళు తీసుకుంటే సంప్రదాయం, మేం తీసుకుంటే పరాయి మోజా? 1989లో 'గీతాంజలి', 'శివ' పాటల్లో మీరంతా మెలికలు తిరిగిపోయిన గిటారూ బేసూ ఎవరివి? పన్నైపురం పల్లెలోంచి కమ్యూనిస్టు సభల్లో పాడుకుంటూ వచ్చి, మద్రాసులో గిటారు వాయించి బతికిన ఇళయరాజావి.

అసలు ఆ నల్లవాళ్ళు మనకు పరాయివాళ్ళెప్పుడయ్యారు? 1946లో అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయి కుర్రాళ్ళు బ్లాక్ పాంథర్స్ పేరు చూసి దళిత్ పాంథర్స్ అని పెట్టుకున్నారు. పేరు తెచ్చుకోవచ్చు, సిద్ధాంతం తెచ్చుకోవచ్చు, గిటారు మాత్రం తెచ్చుకోగూడదా? మద్రాసు వాడలనుంచి 2018లో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందం పరై డోలునూ ఎలక్ట్రిక్ గిటారునూ ఒకే వేదిక మీద నిలబెట్టింది. వాళ్ళకు పనికొచ్చింది మనకు పనికిరాదా? మన చర్చీల్లో, ప్రతి పల్లెలో, గిటారు పట్టుకున్న పిల్లలున్నారు. వాళ్ళకు రొసెట్టా థార్ప్ పేరు ఎవరు చెప్తారు? డప్పు వదలమని నేనెప్పుడూ అనను. డప్పు ఒక్కటే పట్టుకోమని గేటు దగ్గర నిలబెట్టేవాడి మాటను మీ నోటితో అనొద్దంటున్నాను.

ఇదీ నా వాదం. జాబితాలు రాసుకునేవాళ్ళు రాసుకోండి, అందులో పని చేసిన చేతుల పేర్లు రాసేదాకా మేం వాటిని ఒప్పుకోం. రసికులు చెవులు మూసుకోండి, అది మీ హక్కు. కానీ మోత అని వెక్కిరించేముందు ఎవరు మోశారో చెప్పండి. పత్తి మోసినోళ్ళు, రేకులు మోసినోళ్ళు, గొడ్లను మోసినోళ్ళు ఈ శబ్దం చేశారు. మోసినోళ్ళదే మోత. గొంతు తగ్గించమని అడగొద్దు. వినపడటం కోసమే మేం దీనికి మంట పెట్టాం, వాళ్ళు కరెంటు పెట్టారు.